షడ్జం వదిలేసిన పియానో

కువైట్ వెళ్ళొచ్చి ఇన్నాళ్ళయినా, అక్కడ ఏం విన్నావని నన్ను ఒక్కరూ అడగలేదు. బంగారం తెచ్చావా అని అడిగారు. టేప్ రికార్డర్ తెచ్చి ఉంటే అమ్ముతావా అని అడిగారు. నేను విన్నదాన్ని వ్యాసంగా రాసి ఒక సంగీత పత్రికకు పంపాను. వాళ్ళు అచ్చు వేయలేదు సరే, తిప్పి పంపడానికి నేను జతచేసిన స్టాంపులు కూడా వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. మా ప్రొద్దుటూరు నాటక సమాజం కార్యదర్శికి చదివి వినిపించబోతే, రెండో పేజీ తిప్పకముందే "హోటల్లో టీ తాగేవాళ్ళకు వాయించేవాడి సంగతి మనకెందుకయ్యా" అని లేచిపోయాడు. ఆయన ఆడించిన ప్రతి పద్యనాటకానికీ హార్మోనియం వాయించింది నేను. గోడకు అంటించే కాగితం మీద నా పేరు ఎన్నడూ వేయలేదు. అది ఆయనకూ నాకూ మధ్య ఇంకా తేలని సంగతి.

సంగీతం తెలిసినవాళ్ళు చదవలేదు కాబట్టి, ఈసారి అక్కడికి వెళ్ళనివాళ్ళ కోసం ప్రయాణం కథగా రాస్తున్నాను. తేలవలసింది ఒక్కటే. సాల్మియాలో డొమినిక్ అనే గోవా ఆయన పియానో వాయించేవాడు. ఒక సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాయించాడు. నన్ను గౌరవించాడా, ఆటపట్టించాడా? నాకు ఈనాటికీ తెలియలేదు.

విమానాశ్రయం

నా భార్య తమ్ముడు ఓబులేసు ఫహాహీల్‌లో కరెంటు పని చేస్తాడు. అక్కడున్న కడప జిల్లా వాళ్ళంతా కలిసి పద్యాల సాయంత్రం ఒకటి పెట్టుకుంటున్నారనీ, హార్మోనియం వాయించేవాడు లేక ఆగిపోయారనీ కబురు పెట్టాడు. వీసాకు పూచీపడే యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఓబులేసు కఫీల్ మంచివాడు, నాకు విజిటు వీసా ఇప్పించాడు. టిక్కెట్టు వాళ్ళందరూ చందా వేసుకుని కొన్నారు. నేను రాగిపిండి, ఎండుమిరపకాయలు, హార్మోనియం పెట్టె పట్టుకుని బొంబాయిలో విమానం ఎక్కాను. పక్క సీటు ఆయనకు రెండుసార్లు టీ ఇచ్చి నాకు ఒకసారే ఇచ్చారు. అడిగితే, నిద్రపోతున్నారనుకున్నాం అన్నారు. కళ్ళు మూసుకుంటే నిద్రేనా?

కువైట్‌లో దిగగానే కస్టమ్స్ అధికారి పెట్టె మీద వేలితో కొట్టి "శ్నూ హాదా?" అన్నాడు. అంటే ఇదేమిటని. వెనక ఉన్న హైదరాబాదు కూలీ ఒకాయన "బాజా, సాబ్" అని చెప్పాడు. అధికారి నమ్మలేదు. మూత తీయించాడు. తిత్తి లోపలికి తొంగి చూశాడు. చివరికి నన్నే వాయించమన్నాడు. నిలబడి, బల్ల మీద పెట్టి, ఒక పద్యం ఎత్తుగడ వాయించాను. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. చరణం అందుకునే లోపే ఆయన "యల్లా, యల్లా" అని చేయి ఊపాడు. పొమ్మని. ఆ దేశంలో నా సొంత కచేరీ అలా మొదలై అలా అయిపోయిందని అప్పుడు నాకు తెలియదు.

ఫహాహీల్

ఓబులేసు గదిలో కడప వాళ్ళు మంచానికి మంచం ఆనించుకుని ఉంటారు. నేను వెళ్ళగానే అందరూ లేచి ఎదురొచ్చారు. ఎదురొచ్చింది రాగిపిండికి. "సంగటి తిని ఎన్నాళ్ళాయె బావా" అని ఓబులేసు మూట విప్పుకుని పోయాడు. హార్మోనియం గుమ్మంలోనే ఉండిపోయింది, నేనూ దాని పక్కనే.

అక్కడి తిండి గురించి చెప్పాలి. ఇరానీ వాళ్ళ పొయ్యి దగ్గర ఖుబుజ్ అనే రొట్టె దొరుకుతుంది. విస్తరాకంత ఉంటుంది. చిన్న నాణెం ఇస్తే చేతినిండా ఇస్తారు. కాగితంలో చుట్టరు, సంచిలో వేయరు. జనం వేడివేడిగా చంకలో పెట్టుకుని పోతారు. కొందరు కారు బానెట్ మీద పరిచి ఆరబెడతారు. మన దగ్గర అన్నం ఎవరైనా అలా కారు మీద పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకుంటారా? కానీ ఆ రొట్టెను జుబైదీ చేప పులుసులో అద్దుకుని తిన్నాక నేను దాని గురించి మాట్లాడటం మానేశాను. చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ ఇస్తారు. పాలు అడిగితే జబ్బు చేసిందా అన్నట్టు చూస్తారు.

గదిలో చల్లటి గాలి పెట్టె రోజంతా తిరిగేది. దాని ఎండుగాలికి నా హార్మోనియం తిత్తి తోలు బిగిసి మూలిగింది. దాన్ని ఆపమంటే ఓబులేసు నవ్వాడు.

"ఆపితే మనం మూలుగుతాం బావా."

అబూ హలీఫా

పద్యాల సాయంత్రం అబూ హలీఫాలో ఒక హాల్లో పెట్టారు. సముద్రానికి దగ్గర. నేను ఇస్త్రీ పంచె కట్టుకుని, పెట్టె మోసుకుని వెళ్ళాను. ఆ బృందానికి అధ్యక్షుడిగా ఉన్న రాజంపేట ఆయన తలుపు దగ్గరే నన్ను పట్టుకున్నాడు.

"అయ్యవారూ, మీరు ముందర వరసలో కూచోండి. మీకు శాలువా కప్పుతాం."

"నేను కూచోవలసింది స్టేజీ పక్కన కదా" అన్నాను.

"అది... ఒక మలయాళీ ఆయన ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చినాడు. తబలా కూడా దాంట్లోనే ఉండాది. మనోళ్ళు మోజు పడినారు. ఏమనుకోవద్దండి."

ఏమనుకోవద్దట. ప్రొద్దుటూరు నుంచి నన్ను అంతదూరం రప్పించి, ఏమనుకోవద్దట.

పద్యం మొదలైంది. నటుడు చివర రాగం ఎత్తి, ఊపిరి బిగబట్టి పైకి పోతున్నాడు. కీబోర్డు లోపలి తబలా తన పాటికి తాను కొట్టుకుంటూనే ఉంది. నటుడి ఊపిరితో దానికి పనిలేదు. జనం "వన్స్ మోర్" అన్నారు. ఆయన మళ్ళీ ఎత్తాడు. కీబోర్డు ఆయన అదే మీట నొక్కాడు. నేను శాలువా కప్పకముందే బయటికి వచ్చేశాను. ఆ శాలువా ఎవరికి కప్పారో ఈనాటికీ నాకు చెప్పలేదు.

సముద్రం ఒడ్డు బస్సు

మరునాడు ఓబులేసు నన్ను సముదాయించడానికి సాల్మియా తీసుకుపోయాడు. బస్సు సముద్రం పక్క రోడ్డు మీద పోతుంది. ఒక సీటులో అరబ్బు పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చోగానే కిటికీ వైపు బాగా జరిగాడు. చోటు ఇవ్వడానికి జరిగాడా, నన్ను తాకకుండా ఉండాలని జరిగాడా తెలియలేదు. ఓబులేసును అడిగాను.

"జరిగినాడు గదా, కూచో బావా. దానికి కూడా అర్థం వెతుకుతావా?"

నేను వెతికాను. దిగేదాకా వెతికాను. ఆ పెద్దాయన ముఖంలో ఏమీ దొరకలేదు.

సాల్మియా, మొదటి సాయంత్రం

సాల్మియాలో సముద్రం కనబడే హోటల్ ఒకటి. రాయచోటి మస్తాన్ అక్కడ వంటవాడు, ఓబులేసుకు స్నేహితుడు. సాయంత్రం టీ వేళ హాల్లో ఓ మూల కూర్చోనిచ్చి సమోసాలు, కట్లెట్లు పంపాడు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ కుటుంబాలు వస్తాయక్కడికి. అందరూ చెవిలో చెప్పుకున్నట్టు మాట్లాడుకుంటారు. ఎదుటి మూలన నల్లటి పెద్ద పియానో. దాని ముందు బట్టతల ఆయన. అదే డొమినిక్.

మొదట రెండు మూడు ఇంగ్లీషు పాటలు వాయించాడు. తర్వాత సొంత పాట ఒకటి. దాన్ని జాజ్ అంటారని మస్తాన్ చెప్పాడు. ఎత్తుగడ వినగానే నా చేతిలో సమోసా ఆగిపోయింది. కల్యాణి రాగం అనుకున్నాను, ప్రతిమధ్యమం అంత స్పష్టంగా పలికింది. పట్టుకునే లోపే కల్యాణిలో ఉండకూడని శుద్ధమధ్యమం వచ్చి కూర్చుంది. సరే, రెండు మధ్యమాల రాగాలు మనకూ ఉన్నాయి అనుకున్నాను. అంతలో ఆయన ఎటో వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్ళాడో, ఎప్పుడు తిరిగొస్తాడో అంతుబట్టలేదు. చివరికి పాట ఆగింది. ఆగిందే తప్ప ముగిసినట్టు లేదు.

మా నాటకాల్లో ఒక ఆనవాయితీ ఉంది. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు. కథలో చచ్చి పడున్న పాత్ర అయినా సరే, లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. పాడింది పాడినట్టే ఉండాలి. ఒక్క సంగతి, అంటే స్వరాల విరుపు, తగ్గినా వెనక వరసలోవాడు అరుస్తాడు. నాకు ఆ పాట మళ్ళీ వింటే తప్ప దాని లెక్క తెలియదు. అందుకని లేచి నిలబడి అన్నాను.

"వన్స్ మోర్."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఓబులేసు నా చొక్కా పట్టి లాగాడు.

"కూచో బావా. ఇది మన తిరునాళ్ళ గాదు."

డొమినిక్ నా వైపు చూసి, తల వంచి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎత్తుగడ అదే. ఆ తర్వాత అంతా వేరు. ఒక్క సంగతి కూడా వెనకటిది కాదు. నేను మళ్ళీ లేచాను. "వన్స్ మోర్." ఆయన మళ్ళీ వాయించాడు. ఈసారి ఎత్తుగడ కూడా సగమే ఇచ్చాడు. మూడోసారి నేను లేచి అడుగుతుండగానే మేనేజరు వచ్చాడు. లెబనాన్ ఆయన, బూట్లు అద్దంలా ఉన్నాయి. నా భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. అయినా డొమినిక్ మూడోసారి వాయించాడు. అది ఇంకొకటి.

నేను అడిగింది ఒకటి, ఆయన ఇచ్చింది మూడు. నన్ను వెక్కిరించాడనే అనుకున్నాను.

ఫహాహీల్, మళ్ళీ

మరునాడు గదిలో అందరూ పనికి పోయాక హార్మోనియం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వెక్కిరించినవాడు ఏం వాయించి వెక్కిరించాడో తెలుసుకోవాలి గదా. చల్లగాలి పెట్టె ఆపేశాను. చెమటలో కూర్చుని ఆయన పాటను మెట్టుకు మెట్టు వెతికాను.

ముందు తేలింది గాంధారం. సాధారణ గాంధారం, అంతర గాంధారం హార్మోనియం మీద పక్కపక్క మెట్లు. పియానో మీద కూడా అంతే. డొమినిక్ రెండింటినీ ఒకేసారి తాకి, కిందిదాన్ని వెంటనే వదిలేస్తాడు. చెవికి ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉన్న స్వరం విన్నట్టు ఉంటుంది. మెట్ల వాద్యం మీద గమకం, అంటే స్వరాల మధ్య ఊపు, పలకదని విద్వాంసులు హార్మోనియాన్ని ఎన్ని మాటలన్నారో నాకు గుర్తుంది, అన్నవాళ్ళ పేర్లతో సహా గుర్తుంది. గోవా నుంచి వచ్చిన ఈయన దానికి దొంగదారి కనిపెట్టాడు.

తర్వాత ఎడమచేయి. అది స్వరాలను గుత్తులుగా వేస్తుంది. గుత్తిలో గాంధారం ఉంటుంది, నిషాదం ఉంటుంది, రిషభమో ధైవతమో ఉంటుంది. షడ్జం, అంటే అన్నిటికీ ఆధారమైన 'స', ఉండదు. ఎన్నిసార్లు వెతికినా లేదు. మన దగ్గర ముందు శ్రుతి పెట్టుకుని, ఆ షడ్జం మీద పాటను నిలబెడతాం. ఈయన ఇల్లంతా కట్టి పునాది వేయలేదు. అయినా ఇల్లు పడిపోలేదు. ఇది నాకు ఎంతకీ అర్థం కాలేదు. పైగా ప్రతి వరస చివరా కాస్త ఖాళీ. అక్కడ ఎవరో మాట్లాడాల్సి ఉన్నట్టు, ఆయన వాళ్ళ కోసం ఆగినట్టు.

ఆ ఖాళీ మాత్రం నాకు తెలుసు. పద్యం మధ్యలో నటుడు ఊపిరి తీసుకుంటాడు. ఆ ఊపిరి చప్పుడు జనానికి వినబడకుండా హార్మోనియం నింపుతుంది. నా బతుకంతా ఆ సందుల్లోనే గడిచింది. కాని ఇక్కడ ఖాళీ వదిలినవాడే వాయించేవాడు. మరి ఎవరు నింపాలని?

సాయంత్రం మస్తాన్ దగ్గరికి ఒక్కడినే పోయాను. వంటింటి వెనక గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"మొదట ముగ్గురుండ్రి అయ్యవారూ" అన్నాడు. "పిడేలు మాదిరే ఉంటాది, మనిషంత ఎత్తు. దాన్ని నిలబెట్టుకుని వేళ్ళతో మీటేటాయన ఒకాయన. ఊదేటాయన ఇంకొకాయన. హోటలోళ్ళు వాళ్ళకు ఈడ ఉండేదానికి కాగితం, ఇఖామా, మల్లా చేయించలా. కాగితం లేకుంటే ఈడ ఎట్లుంటారు? ఖలాస్, పోయినారు. ఈయన ఒక్కడు మిగిలినాడు."

ఆ మనిషెత్తు వాద్యమే షడ్జం ఇచ్చేదని, వరస చివర ఊదేవాడు అందుకునేవాడని నాకు అప్పుడు తట్టింది. వాళ్ళు పోయినా వాళ్ళ చోట్లు ఆయన నింపలేదు.

"నేను పెట్టె తెచ్చుకుంటా. ఆయన పక్కన వాయిస్తా. అడిగి చెప్పు" అన్నాను.

మస్తాన్ కత్తి ఆపాడు.

"ఆయన బలే మనిషి, వద్దనడు. మేనేజరు సంగతే నాకు తెల్ల్యా."

"అబూ హలీఫాలో నన్ను వద్దన్నారు. ఇక్కడ కూడా అంటే అననీ. మొహాన అననీ."

సాల్మియా, పెట్టెతో

చివరికి మేనేజరు ఒక్క పాటకు ఒప్పుకున్నాడు. ఓబులేసు కూడా వచ్చి ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను పియానో పక్కన తివాచీ మీద మఠం వేసుకుని కూర్చున్నాను. ఆ హాల్లో అలా నేల మీద ఎవరూ కూర్చుని ఉండరు. మేనేజరు కుర్చీ తెప్పించాడు. వద్దన్నాను. డొమినిక్ వంగి పెట్టెను చూసి, హిందీలో "బాగా పాతది" అన్నాడు. పెట్టెనన్నాడో, నన్నన్నాడో.

"ఆ పాట పేరేమిటి?" అని అడిగాను.

"ఇంకా పెట్టలేదు" అన్నాడు.

మొదలుపెట్టాడు. నేను షడ్జం పట్టుకుని తిత్తి వేశాను. ఒక్కసారిగా ఆయన ఎడమచేతి కింద నేల వచ్చినట్టయింది. ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. ఇదే, ఇన్నాళ్ళూ లేనిది ఇదే అనుకున్నాను. ఆ అనుకోవడం ఒక్క ఆవర్తనం కూడా నిలవలేదు. రెండో చుట్టులో ఆయన పాటను ఒక మెట్టు పైకి లేపాడు. నా షడ్జం ఆయనకు నిషాదమైంది. గుండెలో ముల్లు గుచ్చినట్టు పలికింది. నేను మెట్టు మార్చుకుని అందుకునేసరికి ఆయన మళ్ళీ జరిగాడు. పోనీలెమ్మని వరస చివర ఖాళీలో ఒక చిన్న సంగతి వేశాను. మరుసటి చుట్టులో ఆ చివర తనే నింపి, మొదట్లో ఖాళీ పెట్టాడు. నేను మొదటికి పరిగెత్తాను. ఆయన మధ్యకు పోయాడు. బస్సులో పెద్దాయన గుర్తొచ్చాడు. ఈయన జరుగుతున్నది నాకు చోటివ్వడానికా?

అప్పుడు ఆయన రెండు చేతులూ పియానో మీద నుంచి తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

నటుడు ఆగితే హార్మోనియం చేయవలసిన పని ఒకటే. ఆయన చివర పలికిన వరసను పొల్లుపోకుండా తిరిగి పలకాలి. నా గురువు చెంప మీద కొట్టి నేర్పింది అదే. నేను డొమినిక్ వరసను గాంధారం దొంగదారితో సహా అచ్చంగా పలికించాను. అంత కష్టమైనది అలా ఒక్కసారి విని పలికించగలవాళ్ళు మా జిల్లాలో ఎందరున్నారో చెప్పమనండి.

ఆయన తల ఊపాడు. ఇంకొంచెం వాయించి, మళ్ళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నేను మళ్ళీ ఆయనది ఆయనకు అప్పజెప్పాను. ఈసారి తల ఊపలేదు. నా ముఖంలోకి చూశాడు. మూడోసారి వాయించి, మళ్ళీ ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ కప్పు పెదవుల దాకా తీసుకుపోయి అలాగే పట్టుకుంది. నేను మూడోసారీ ఆయన వరసనే పలికించాను, మొదటి రెండుసార్ల కంటే శుభ్రంగా.

డొమినిక్ నవ్వాడు. పాట ముగించాడు. ఈసారి నిజంగా ముగించాడు, ఎడమచేత్తో షడ్జం నొక్కి మరీ. జనం మెల్లగా చప్పట్లు కొట్టారు. ఆయన నా భుజం తట్టి "కల్ ఫిర్" అన్నాడు. రేపు మళ్ళీ అని. మేనేజరు మళ్ళీ లేదన్నట్టు వేలు ఊపాడు. ఎలాగూ మరునాడు నా విమానం.

తిరుగు ప్రయాణం

బస్సులో ఓబులేసును అడిగాను. "నువ్వు ఎదురుగా కూచున్నావు కదా. ఆయన నన్ను చూసి ఎందుకు నవ్వినాడు?"

"నాకేం తెలుసు బావా, నేను కట్లెట్ తింటాండా."

"చేతులు తీసి కూచున్నాడు కదా, అప్పుడైనా చూసినావా?"

"అలసిపోయినాడేమో అనుకున్యా. పెద్ద మనిషి గదా."

అలసిపోయినవాడు సరిగ్గా మూడుసార్లు, వరస చివరనే అలసిపోతాడా? నేను మూడుసార్లు వన్స్ మోర్ అడిగితే మూడు వేర్వేరు పాటలిచ్చినవాడు, నన్ను మూడుసార్లు అడిగింది ఏమిటి? నేను ఆయన అడిగిందే ఇచ్చాననుకుంటున్నాను. మూడుసార్లూ ఒక్కటే ఇచ్చాను. మా పద్ధతిలో అంతకంటే మర్యాద లేదు. ఆయన పద్ధతిలో అది ఏమిటో ఎవరు చెప్పాలి?

ఊరికి వచ్చాక ఓబులేసుకు ఎన్నిసార్లు రాశానో. చివరికి ఎప్పటికో వెళ్ళి చూశాడు. పియానో మీద పూలకుండీ పెట్టి ఉందట. డొమినిక్ బహ్రెయిన్ పోయాడని ఒకరూ, గోవా పోయాడని ఇంకొకరూ అన్నారట. మస్తాన్ వేరే హోటల్‌కు మారాడు. ఇంతకంటే వివరం ఓబులేసు కనుక్కోలేదు. కనుక్కోడని నాకు ముందే తెలుసు.

కాబట్టి ఇది చదివినవాళ్ళలో ఆ సాయంత్రం ఆ హాల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆకుపచ్చ చీర ఆవిడైనా సరే, ఆ మేనేజరైనా సరే, ముఖ్యంగా డొమినిక్ గారైతే, ఈసారి మౌనంగా ఉండటం కుదరదు. వెళ్ళిపోయిన మీ ఇద్దరు స్నేహితుల చోట్లలో నన్ను కూర్చోనివ్వకూడదనే మీరు పాటను అటూ ఇటూ జరిపితే, ఆ మాట మొహాన చెప్పండి, పడతాను. అలా కాక, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మీరు ఆగింది నా సొంత వరస వినడానికే అయితే, నోరు తెరిచి ఎందుకు అడగలేదు? నన్ను ఇంతవరకూ ఎవరూ అది అడగలేదు. అడుగుతున్నారని నాకెలా తెలుస్తుంది? ఆ వరస నా దగ్గర ఉంది. అప్పుడూ ఉంది. ఎవరికోసం ఆగారో చెప్పండి. తిత్తి తోలు కొత్తది వేయించి కూర్చున్నాను.